ఈశాన్యం మూల దిగనంటోంది

షికాగో,
1887 ఏప్రిల్ 11

నన్ను పెంచి పెద్దచేసిన పెద్దమ్మకు,

ఇక్కడున్న నీ స్థలంలో పని మొదలైంది. పది అంతస్తులు! నా గీతల మీద లేస్తున్న మొదటి మేడ ఇదే. నువ్వు భయపడతావని తెలుసు కాబట్టి ఏదీ దాచకుండా ముందే చెప్పేస్తున్నాను.

మొదటిది, ఇందులో గోడలు బరువు మోయవు. బరువంతా ఇనుప చట్రానిదే. గోడల్ని దాని చుట్టూ తగిలిస్తాం, అంతే. అందుకని గోడలు మన వంటింటి గోడ కంటే ఏ కొంచెమో మందంగా ఉంటాయి.

రెండోది నేల. ఈ ఊళ్ళో పైన బురద, కింద మెత్తటి బంకమట్టి. రాయి తగలాలంటే ఎక్కడికి పోవాలో దేవుడికే తెలియాలి. అందుకే రైలు పట్టాలు నిలువూ అడ్డం పేర్చి, సిమెంటు పోసి, ఆ తెప్ప మీద మేడ నిలబెడతాం. మేడ లేచేకొద్దీ బరువుకి కిందికి దిగుతుంది. నాలుగంగుళాలు దిగుతుందని లెక్క వేశాం కాబట్టి గుమ్మాన్ని వీధి కంటే నాలుగంగుళాలు ఎత్తున పెడుతున్నాం. దిగాక వీధికి సరిసమానం! ఇక్కడ అందరూ ఇలాగే కడతారు. కంగారు పడకు.

నీ లూథర్

తా.క.: తెప్ప అన్నానని కింద నీళ్ళున్నాయనుకునేవు. కొంచెం ఉన్నాయి.

❖

హార్డింగ్ రేవు,
ఏప్రిల్ 17

నాయనా లూథర్,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. శనివారం రాత్రి భోజనానికని పెట్టిన బీన్స్ మొత్తం మాడిపోయాయి.

కంగారు పడకు అని రాశావు. ఎనిమిదేళ్ళప్పుడు గొడుగు పట్టుకుని ఇంటి కప్పు మీంచి దూకబోతూ కూడా నువ్వు ఇదే మాట అన్నావు. ఆ కాలు ఇప్పటికీ వానాకాలంలో నొప్పెడుతుందా?

గోడ బరువు మోయదట! మరెందుకురా ఆ గోడ? మా తమ్ముడు ఎబెన్ కూడా అంతే, ఇంట్లో నిటారుగా నిలబడి ఉంటాడు, ఏదీ మోయడు. వాడి చుట్టూ పది అంతస్తులు కడతావా నువ్వు?

పైగా దిగుతుందని తెలిసి తెలిసి కట్టడమేమిటి? నాలుగంగుళాలయ్యాక ఆగాలని ఆ బురదకి ఎవరు చెప్పారు? దానికేమైనా లెక్కలొచ్చా?

ఓబెడ్‌ని పంపుతున్నాను. వాడు మీ పెదనాన్న దగ్గర, ఆయన ఓడల మీద ఇరవై ఏళ్ళు వడ్రంగి పని చేసినవాడు, నీకు తెలియనివాడేం కాదు. పునాదిలో ఒక మూల పూర్తిగా వాడికి అప్పగించు. కాదన్నావో, నా స్థలంలో ఇక పార దించనివ్వను.

ఇట్లు,
నిద్ర కరువైన నీ పెద్దమ్మ తబితా

తా.క.: ఇంకేమైనా దాచావా? దాస్తే దాచే ఉంచు. వద్దు, రాసెయ్.

❖

షికాగో,
జూన్ 2

కోపం తగ్గి ఉంటుందని నేను నమ్ముతున్న పెద్దమ్మకు,

ఓబెడ్ వచ్చాడు. ఈశాన్యం మూల వాడికే ఇచ్చాను. మధ్యలో ఇనుము పని మీద పిట్స్‌బర్గ్ వెళ్ళి పన్నెండు రోజులు అక్కడే ఇరుక్కుపోయాను. తిరిగొచ్చి చూద్దును కదా, అందరికంటే ముందు వాడి మూలే పూర్తయింది. పట్టాలు పేర్చి సిమెంటు కూడా పోసేశాడు, ఆరిపోయింది కూడా. నీ మాట వినడం మంచిదే అయింది.

నీ లూథర్

తా.క.: నేను లేనప్పుడు మన ఊరి నుంచి రైల్లో ఓబెడ్‌కి ఏవో పొడుగాటి సరుకులు వచ్చాయట. ఏమిటవి అంటే, "చేపల వలలకి కర్రలు" అన్నాడు. షికాగో నడిబొడ్డున వలలేంటయ్యా అంటే, సరస్సు వైపు వేలు చూపించి వెళ్ళిపోయాడు.

❖

హార్డింగ్ రేవు,
జూన్ 9

నాయనా,

కన్ను మూస్తే చాలు, నీ మేడ గుమ్మంలోంచి బురద లోపలికి వస్తున్నట్టు కనబడుతోంది. మన పాస్టరు గారితో చెప్పుకుంటే కాస్త ధైర్యంగా ఉంటుందనుకున్నాను. ఆయన ఆకాశాన్నంటాలని కట్టబోయి చెడిన బాబెలు గోపురం కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పి పంపించాడు. ఆయన్ని అడగడం నా బుద్ధి తక్కువ.

ఎంత దిగిందో వారం వారం రాస్తూ ఉండు. రాయకపోతే మునిగిపోయిందనుకుంటాను.

పెద్దమ్మ

తా.క.: పెరట్లో ఓడల షెడ్డు ఖాళీ అయింది. గాలి హోరుమంటుంటే వినలేక కోళ్ళని పెట్టాను. అంత పొడుగు షెడ్డుతో వాటికి ఏం చెయ్యాలో తోచక అన్నీ ఒక చివరే ముడుచుకుని కూర్చుంటున్నాయి.

❖

షికాగో,
ఆగస్టు 1

శుభవార్త కోసం ఎదురుచూస్తున్న పెద్దమ్మకు,

దిగింది! నాలుగో అంతస్తు పడేసరికి చక్కగా రెండంగుళాలు దిగింది! కుర్రాళ్ళందరం ఆయిస్టరు గుల్లలు తెప్పించుకు తిని పండగ చేసుకున్నాం.

నీ లూథర్

తా.క.: ఈశాన్యం మూల కొంచెం బద్ధకిస్తోంది. అదీ దిగుతుందిలే.

❖

హార్డింగ్ రేవు,
ఆగస్టు 7

లూథర్,

దిగినందుకు విందు చేసుకున్నారా! మీ ఊరివాళ్ళు మేడ పూర్తిగా కనబడకుండా పోతే నాట్యమాడతారు కాబోలు. ఆ ఉత్తరం పాస్టరు గారికి చూపించాను. ఆయన లేచి కిటికీ మూసి వచ్చాడు.

పెద్దమ్మ

తా.క.: దిగని మూల ఒకటి ఉందన్నావు కదా. ఆ మూలనే కూర్చుని పని చేసుకో.

❖

షికాగో,
సెప్టెంబరు 20

పెద్దమ్మా,

ఇది చదివే ముందు కూర్చో. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించెయ్.

ఆరో అంతస్తు అయింది. మూడు మూలలు మూడేసి అంగుళాలు దిగాయి. ఈశాన్యం మూల మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మేడ పక్కకి ఒరుగుతోంది పెద్దమ్మా! రెండో అంతస్తులో తలుపులు పడటం లేదు. బల్ల మీద పెన్సిల్ పెడితే నైరుతి వైపు దొర్లిపోతోంది. రోజుకి ఎన్నిసార్లు దాని వెనక పరిగెడుతున్నానో. పనివాళ్ళు చూసి నవ్వుతున్నారు, నేను కూడా నవ్వుతున్నట్టు నటిస్తున్నాను.

నగర తనిఖీ అధికారి వచ్చి కొలిచాడు. "అక్టోబరు పదిహేనున మళ్ళీ వస్తాను. మూలల మధ్య తేడా అంగుళం లోపు ఉంటే సరే. లేకపోతే ఆరో అంతస్తు మీదే కప్పు వేసుకో" అన్నాడు. పది గీసి ఆరు దగ్గర ఆపినవాడి చేతికి ఇంకో మేడ ఎవరిస్తారు? ఈ ఊళ్ళో నన్ను జీవితాంతం లూథర్ క్రోవెల్ అనరు, ఆరంతస్తుల క్రోవెల్ అనే పిలుస్తారు.

మట్టి తవ్వి చూడమని ఓబెడ్‌ని అడిగాను. "నేల గట్టిదేమో బాబూ" అని నేల చూపులు చూశాడు. ఇక ఒకటే దారి. ఆ మూల మీద ముడి ఇనుము గుట్టగా పోసి బలవంతాన దించాలి. సోమవారం నుంచి బళ్ళు వస్తాయి. చట్రం ఆ బరువుకి తట్టుకుంటుందో, పుటుక్కుమంటుందో తెలియదు.

నాకు భయంగా ఉంది పెద్దమ్మా. నీతో ఈ మాట అనడం ఇదే మొదటిసారి.

లూథర్

తా.క.: ఇది ఎవరికీ చెప్పకు. పాస్టరు గారికి అసలే వద్దు. కోళ్ళకైతే పరవాలేదు.

❖

హార్డింగ్ రేవు,
సెప్టెంబరు 23

నా బంగారు తండ్రీ,

ముందు ఆ ఇనుము బళ్ళు వెనక్కి పంపెయ్. ఒక్క ముద్ద కూడా పెట్టకు. తప్పు బురదది కాదు, నీ లెక్కలదీ కాదు. నాది.

మన షెడ్డులో పద్దెనిమిది తెరచాప స్తంభాలు ఉండేవి, గుర్తుందా? తర్వాత కట్టబోయే ఓడకని మీ పెదనాన్న ఏరి ఏరి తెచ్చుకున్నాడు. అది కట్టకుండానే పాత ఓడతో పాటు సముద్రంలో కలిసిపోయాడు. పదకొండేళ్ళుగా వాటిని అమ్మలేదు. ఏటా నూనె పూసి తుడిచేదాన్ని. ఇప్పుడవి నీ ఈశాన్యం మూల కింద, మట్టిలో నిలువునా దిగేసి ఉన్నాయి. నువ్వు పిట్స్‌బర్గ్‌లో ఉన్నప్పుడు నేనే ఓబెడ్ చేత కొట్టించాను. నీకు చెప్పనని మీ పెదనాన్న మీద ఒట్టు వేయించుకున్నాను. వాణ్ణి ఏమీ అనకు.

ఎందుకు చేశానంటావా? ఆ రోజు రేవులో మీ పెదనాన్న ఓడ చూసి, "నీళ్ళలోకి మరీ దిగినట్టుంది, సరుకు ఎక్కువైందేమో" అన్నాను. "ఓ రెండంగుళాలే తబితా, కంగారు పడకు" అన్నాడు. నేను ఊరుకున్నాను. నీ ఉత్తరంలో మళ్ళీ అవే మాటలు! ఈసారి ఊరుకోవడం నా వల్ల కాలేదురా.

నాలుగు మూలలకూ స్తంభాలు చాలవు. ఉన్నవి ఒక మూలకే సరిపోయాయి. ఒక్క మూలైనా నిలబడితే, అంతా మునిగే రోజున నువ్వు వెళ్ళి ఆ మూలలో నిలబడతావు కదా అనుకున్నాను. ఆ మూలే నిన్ను ముంచుతుందని నాకెలా తెలుస్తుంది?

ఓబెడ్‌కి తంతి కొట్టాను. కొత్త ఓడని దిమ్మల మీంచి నీళ్ళలోకి దించేటప్పుడు ఒక్కొక్క దిమ్మే తీస్తూ మెల్లగా దించుతారు. వాడికది కొట్టిన పిండి. పక్కనుంచి గొయ్యి తవ్వి, స్తంభాల తలలు జానెడేసి కోసుకుంటూ వస్తాడు. పదిహేనో తారీఖు లోపల నీ మూల దిగుతుంది. మిగతా నాలుగు అంతస్తులూ కట్టు. ఎవడు ఆరంతస్తుల క్రోవెల్ అంటాడో నేనూ చూస్తాను.

నన్ను క్షమించు. క్షమించలేకపోతే ఆ సంగతి ఉత్తరంలో రాయకు, నేను వచ్చాక మొహం మీదే తిట్టు.

నీ పెద్దమ్మ తబితా

తా.క.: పదో అంతస్తులో ఈశాన్యం గది నాకు అట్టేపెట్టు. మేడ దిగితే నేనూ అందులోనే ఉంటాను. కోళ్ళని ఎబెన్‌కి అప్పగిస్తున్నాను, పాపం కోళ్ళు.

ఇంకో తా.క.: పద్దెనిమిదిలో పదిహేడే కోయమన్నాను. మిగిలిన ఆ ఒక్కటి ఏదో నిన్నడిగినా ఓబెడ్ చెప్పడు. ఒంటి స్తంభం పది అంతస్తులు ఏం మోస్తుందమ్మా, మెల్లగా మట్టిలోకి పోతుంది అని వాడూ తిరుగు తంతి కొట్టాడు. నాకూ తెలుసు. అయినా నాకు నిద్ర పట్టాలి కదరా.