పొట్టేలును మార్చేవాళ్లం

గురువారం, రాత్రి (ఫోన్‌లో మాట్లాడి దాచుకున్నది)

చిట్యాల నుంచి బిడ్డ సాయమ్మ వచ్చింది. తన కొడుక్కి నా కొడుకు కూతురు లలితను చేసుకుంటానంది. మేనరికం వద్దన్నాను.

"బాపూ, ఫోన్ల ఎవడో చెప్పిండని మనోళ్లను కాదంటవా?"

ఆ జన్యువుల వీడియోలవాడు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు. నేను ఆపి ఆపి వింటాను. అదో పెద్ద కథ. దగ్గరి రక్తమైతే తల్లిలో, తండ్రిలో దాగిన ఒకే లోపం బిడ్డకు చేరే ముప్పు ఎక్కువట. అందరికీ వస్తుందని కాదు.

"మన మందల పుట్టిన పొట్టేలును అమ్మి, బయ్యారం పోయి వేరేది ఎందుకు తెస్తం బిడ్డా?"

"పిల్లలు గట్టిగ పుట్టాలని."

"మరి లలిత పిల్లలు?"

"గొర్లకు, మనుషులకు పోలికేంది! బడి మొఖం సూడనోడివి, డాక్టర్ లెక్క చెప్తున్నవ్. రేపు పెద్దమనుషులను తోల్కొస్త, వాళ్లకు చెప్పు!"

అన్నం కూడా తినకుండా బస్సెక్కింది. ఇల్లు చేరిందో లేదో, ఫోన్ ఎత్తడం లేదు.

పెద్దమనుషులు రానీ. చాయ్ పోసి, వాళ్లకూ ఆ వీడియో పెడతాను. ఇంకా పుట్టనివాళ్ల తరఫున ఎవరో ఒకరు మొండికేయాలి కదా...