నేను గెలుచుకొచ్చిన ఆదివారం

మాంగెరె,
సోమవారం ఉదయం

ప్రియమైన అనసేనికి,

ప్రభువు నామంలో నీ ఫెలెటీ రాసేది. ఇంట్లో ఇద్దరం తింటున్నాం, తిరుగుతున్నాం, జ్వరాలు లేవు. క్షేమమంటే అంతే అయితే క్షేమమే. వవావు దీవిలో నువ్వూ అత్తయ్యా బాగున్నారని తలుస్తాను. అత్తయ్య కాలి పుండు మానుతోందని రాశావు, ప్రభువుకు స్తోత్రం.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. నీ టారో దుంప మొక్కలు బతికే ఉన్నాయి. కారు బ్రేకులు బాగు చేయించాను. ఇక మూడోది, "లూసియానే చదువు ఎలా సాగుతోంది, ఫోనులో నాతో రెండు ముక్కలైనా మాట్లాడదేం?" అన్నావు. దానికి జవాబు రాయబోతే కోపం ముంచుకొస్తోంది.

మన పిల్ల పనిచేసే సూపర్ మార్కెట్ మేనేజరు డారెన్ సంగతి నీకు తెలుసు. ఐగుప్తులో ఫరో గడ్డి ఇవ్వకుండా ఇటుకలు అడిగాడు. ఈ ఫరో నిద్ర ఇవ్వకుండా చాకిరీ అడుగుతాడు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా, బడి వదలడం ఆలస్యం, మన పదహారేళ్ళ పిల్ల గల్లా దగ్గర నిలబడాలి. నిలబడి నిలబడి ఇంటికొచ్చి, ఆ దుకాణం చొక్కాతోనే పుస్తకం ముందు కూలబడుతుంది. పది రోజుల కిందట కెమిస్ట్రీ నమూనా పరీక్షలో కాగితం మీద తల వాల్చి నిద్రపోయిందట. టీచరమ్మ ఫోను చేసింది.

"నర్సింగ్‌కి వెళ్తానంటోంది మీ అమ్మాయి. అసలు పరీక్షకి ఇంకా ఐదు వారాలే. ఇలాగైతే అదీ పోతుంది. ఇంట్లో మీకేమీ కనబడట్లేదాండీ?"

నన్ను! దేవుని వాక్యం విప్పి చెప్పేవాణ్ణి! ఆ కోపమంతా మూటకట్టుకుని ఆ ఆదివారం చర్చి వేదిక ఎక్కాను. ప్రసంగం సగంలో ఉండగా పాటబృందం వైపు చూస్తే, నీ కూతురు పాటల పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోతోంది. ఊరుకున్నానా?

"లూసియానే!" అని పేరుపెట్టి అరిచాను. "పౌలు మాట్లాడుతుంటే కునికిన ఐతుకు మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నువ్వెక్కణ్ణుంచి పడదామనమ్మా?"

జనం గొల్లుమన్నారు. పిల్ల లేచింది. పుస్తకం బల్ల మీద పెట్టి, అంతమంది మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి తలుపు తీస్తూనే మొదలుపెట్టాను. అది నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"నాన్నా, నాకు శని, ఆదివారాల మధ్యాహ్నాలే పని ఉండేది. వారమంతా చదువుకోవచ్చని నేనే అడిగి పెట్టించుకున్నాను. డారెన్‌ని అడిగితే తను కాదన్నాడు. ఎవరు మార్చారు?"

నేను కారు తాళాలు మేకుకు తగిలించే పనిలో పడ్డాను.

"చెప్పు నాన్నా. వేదిక మీద అంత గొంతుందే, ఇక్కడేమైంది?"

అనసేనీ, ఆ మేనేజరు మన పిల్లను పిండుతున్నాడని నీకు రాశాను. అలా పిండుకొమ్మని పిల్లను అప్పగించింది నేనే. నువ్వు వెళ్ళిన నెలలోనే, చర్చికి మర్యాదగా కట్టే మన అల్లిక చాప నడుముకు చుట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళాను. రొట్టెల అర ముందు నిలబడి, "నా కూతురు విశ్రాంతి దినాన నీ గల్లా దగ్గర నిలబడదు" అన్నాను. అతను భయపడలేదు, వాదించలేదు. "సరే సార్, మరి వారం మధ్యలో నాలుగు సాయంత్రాలు రాగలదా?" అన్నాడు. "నాలుగేం ఖర్మ, అయిదైనా వస్తుంది" అన్నాను నేను! అప్పటికి దానికి పదహారు నిండలేదు, తండ్రి మాటే చెల్లింది. పిల్లను ఒక్క మాట అడగలేదు. మేనేజరే మార్చాడని దానికి చెప్పాను. ఆ వచ్చే ఆదివారం, ఫరో మెడలు వంచానని సాక్ష్యం కూడా చెప్పుకున్నాను. ఆమేన్లు మారుమోగాయి. నాకిప్పుడు ఆ ఆమేన్ల మీద కూడా కోపంగా ఉంది.

ఏలీయా అలసిపోయి చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి గద్దించలేదు. రొట్టె పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ అధ్యాయం చెబుతున్నాను. ఆ పడుకోనివ్వడం నా కంటికి ఆనలేదు.

"రేపే వెళ్ళి అతనితో మాట్లాడతాను" అన్నాను పిల్లతో.

"వద్దు. నువ్వు మాట్లాడబట్టే ఇంత జరిగింది. నేను మాట్లాడుకుంటాను. నువ్వు కారు నడుపు చాలు."

మాట్లాడుకుంది. శని, ఆదివారాల మధ్యాహ్నాలు తిరిగి తెచ్చుకుంది.

నిన్న ఆరాధన కాగానే, నడుముకు చాపతోనే తీసుకెళ్ళి దుకాణం గుమ్మంలో దించాను. ఎదురుగా ఎవరనుకున్నావ్? మన సంఘపెద్ద కెపు గారి భార్య, నిండు బండి తోసుకుంటూ.

"ఏమయ్యా ప్రసంగీకుడా! విశ్రాంతి దినాన పిల్లను పనికి దించుతున్నావా?"

"అవునక్కా. మీ బండిలో ఐస్‌క్రీము కరిగిపోతోంది, చూసుకోండి."

సాయంత్రానికల్లా క్రిస్మస్ దాకా ప్రసంగీకుల జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. కొట్టేసుకోనీ. కానీ ఒక్క మాట. నీకు కోపం వస్తే నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు. పిల్లకు ఫోను చేసి ఆదివారం సంగతి మాత్రం ఎత్తకు.

నిన్న సాయంత్రం పని అయ్యాక కారెక్కి, "పద నాన్నా" అంది. వారంలో నాతో అన్న మొదటి మాట. మలుపు తిరిగేలోపే నిద్రపోయింది. ఇంటి ముందు ఇంజను ఆపితే లేస్తుందేమోనని ఆపలేదు. మన వీధి చుట్టూ మెల్లగా తిరుగుతూనే ఉన్నాను. నోరు విప్పలేదు, అనసేనీ.

ఇట్లు,
నీ పెనిమిటి, మన పిల్లకు డ్రైవరు,
ఫెలెటీ