మేకులు పట్టే నోరు

డాక్టరు గారికి నమస్కారం.

రక్తం పల్చబడే బిళ్లలకీ, మాటిమాటికీ వచ్చే నోటిపుళ్లకీ సంబంధం ఉందా అని మీరు చేస్తున్న పరిశోధనకు వచ్చే, చెప్పులు కుట్టే ఆయన భార్యను నేను. బిళ్లలు వేసుకుంటుండగానే పుళ్లు మానాయని పోయినసారి ఆయన చెబితే మీరు సంతోషించారు. అది నిజం కాదండీ. బిళ్లలు మానేశారు, అందుకే పుళ్లు మానాయి.

"పెదాల మధ్య మేకులు పెట్టుకోకపోతే నాకు చెయ్యి సాగదే. పుండు మీద మేకు పెట్టుకుని చూడు, తెలుస్తుంది" అంటారు. డబ్బాలోంచి తీసుకోమంటే, "అయితే సుత్తి కూడా నువ్వే పట్టు, నేను పొయ్యి దగ్గర కూర్చుంటా" అని నవ్వుతారు.

ఇప్పుడు నోరు బాగుంది, కారం కూడా తింటున్నారు. కానీ కిందటేడు రక్తం గడ్డకట్టిన కాలు మళ్లీ వాచింది. పొద్దుటి నుంచి కూర్చున్నచోటే ఆయాసపడుతున్నారు. బండి గుమ్మంలోకి పిలిపించాను. ఆసుపత్రికి వస్తే మళ్లీ ఆ బిళ్లే మింగిస్తారని ఎక్కడం లేదు.

మీ మాటైతే వింటారు. పుళ్లు రాని మందు వేరే ఉందని రెండు ముక్కలు రాసి, ఈ ఉత్తరం తెచ్చిన మా మరిది చేతికివ్వండి. లేకపోయినా ఉందనే రాయండి.