నునుపు చేసిన రెక్క

హేమలత మేడం గారికి,

మీ ఫోను కలవలేదు. అందుకే ఈ ఉత్తరం గ్లైడరు సీటు బెల్టుకు ముడేసి కట్టాను. ఇది చదవకుండా ఎగరవద్దు.

రెక్కలు తుడవమన్నారు కదా. ఎడమ రెక్క కింద రంపపు పళ్ళలా అతికించిన టేపు గరుకుగా తగిలింది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కిన చేతులు నావి, గరుకు తగిలితే ఊరుకోవు. టేపు పీకేసి అద్దంలా నునుపు చేశాను.

మెకానిక్ అజయ్‌కు ఫోనులో గొప్పగా చెబితే కేకలేశాడు. "ఏం పనప్పా ఇది! ఆ గరుకుంటేనే గాలి రెక్కను అంటుకొని పోతాది. లేకుంటే విడిపోయి యెనక్కి లాగుతాది. ఇంజను లేని బండి, మేడం నల్లమల దాటి తిరిగి రాగలదా?"

టేపు కోసం నంద్యాల పోతున్నాను. నాకంటే ముందు మీరొస్తే, ఎడమ రెక్క కింద చేత్తో తడమండి.

నునుపుగా తగిలితే ఎక్కకండి, తల్లీ.