చార్టులో లేని హోంగార్డు

మంగళవారం.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో ఈరోజు సార్ బోర్డు మీద కేంద్ర హోంశాఖ చార్టు గీశారు. పైన మంత్రి, కింద కార్యదర్శి, ఆ కింద విభాగాలు, సరిహద్దు దళాలు. నా కళ్లు మాత్రం హోంగార్డు కోసం వెతికాయి. ఇరవై ఏళ్లుగా ఎల్బీనగర్ చౌరస్తాలో ఎండకు నిలబడి బండ్లు ఆపే మా నాన్న హోంగార్డే కదా!

"సార్, హోంగార్డులు ఎక్కడ?" అని అడిగాను.

"వాళ్లని రాష్ట్రం చూసుకుంటుంది. పరీక్షకి రాదమ్మా, కూర్చో," అన్నారు.

కూర్చోలేదు. వాళ్ల గురించి విధానాలు తయారుచేసేది కేంద్రమేనని ఆయన ఇచ్చిన నోట్సులోనే ఉంది. నేనే బోర్డు దగ్గరికి వెళ్లి, అట్టడుగున ఒక గడి గీసి, 'హోంగార్డులు' అని రాసి వచ్చాను. క్లాసంతా నవ్వింది. నవ్వుకోనీ.

ఇంటికొచ్చి చెబితే నాన్న బూట్లు విప్పుతూ ఒక్కటే అడిగాడు.

"డబ్బా జర పెద్దగనే గీసినవా, బిడ్డా?"