గల్లీ మలుపు తిరిగే బండి

బావా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ఏడాదీ నాలుగు నెలలూ. ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదని నీకు తెలుసు. సంతకం, గిరాకీల పేర్లు, ఇంటి నంబర్లు... నా రాత అంతవరకే. అయినా రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో.

ముందు పాత మాట ఒకటి తేల్చు. 2009లో మన టెంట్ హౌస్‌కు బండి కొందామని ఇద్దరం షోరూంకు పోయాం. టై కట్టుకున్న సేల్స్ ఆయన నన్ను చూసి, ఎంత బరువు వేస్తారు పెద్దాయనా అని మర్యాదగా అడిగాడు. నేను నోరు తెరిచానో లేదో నువ్వు అడ్డం పడ్డావు. "ఆయనకేం తెల్వది, నన్నడుగు." నలుగురి ముందు అన్నావు. నాకు తెలియదా? ముప్పై ఏళ్లు మన సామాను మోసింది ఎవరి భుజం? ఇనుప పైపుల కట్ట ఒకసారి లేపి చూస్తే ఎంత బరువో చెప్పేస్తాను. బడికి పోనివాడికి బరువు కూడా తెలియదా? ఐదేళ్లయింది. ఆ మాట ఇంకా నా గొంతులోనే ఉంది. ఎందుకన్నావు బావా?

నాకు ఆ రోజు నాలుగు చక్రాల చిన్న ట్రక్కు నచ్చింది. ఇంజన్‌లో దమ్ముంది. రెండు వందల కుర్చీలు, షామియానాలు, వంట గిన్నెలు ఒక్క ట్రిప్పులో పోతాయి. మూడు చక్రాల ట్రాలీ ఆటో అయితే మూడు ట్రిప్పులు. డీజిల్ తక్కువ తాగుతుంది, నిజమే. మూడుసార్లు తిరిగితే ఆ మిగిలింది ఎక్కడ మిగిలినట్టు? ఇది చెబుదామనే నోరు తెరిచాను.

నువ్వు దమ్ము అడగలేదు, మైలేజీ అడగలేదు. "ఎంత జాగల తిరుగుతది?" ఇదొక్కటే అడిగావు. షామియానాకు కొలత వేసినట్టు అడుగులతో కొలిచి, షోరూం వెనక ఖాళీ జాగాలో సుద్దముక్కతో మీ చిక్కడపల్లి గల్లీ మలుపు గీశావు. కరెంటు స్తంభం ఉండేచోట ఇటుక పెట్టావు. రెండు బండ్లనూ అందులో తిప్పించావు. ట్రక్కు ఇటుకను తన్నింది. ట్రాలీ అక్కడికక్కడే తిరిగింది. అంతే, సాయంత్రానికి అదే ఖాయమైంది.

తర్వాత పెళ్లి సామాను వేసుకుని నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కిన ప్రతిసారీ అది మూలిగేది. "బావా, జర దిగరాదు. నీ బరువు తగ్గితె ఎక్కుతది" అనేవాడివి. దిగి నడిచేవాణ్ణి. నువ్వు పైన ఆపుకుని పళ్లు ఇకిలించేవాడివి. "నీ ట్రక్కుల కూసుంటె ఇంత మంచి గాలి తగులునా?" ఎన్ని తిట్లు తిట్టాను నిన్ను...

ఒక్కరోజు మాత్రం నవ్వకుండా అన్నావు. "పెండ్లోళ్లు మెయిన్ రోడ్డు దాక వచ్చి సామాను మోసుకపోతరు బావా. సావు ఇంటోళ్లు ఎట్ల మోస్తరు?" నాకప్పుడు అది చెవికెక్కలేదు. కడుపులో మంట పెట్టుకున్నవాడికి ఏం ఎక్కుతుంది?

నువ్వు పోయిన రోజు ఎక్కింది.

ఆ రోజు మన ట్రాలీ గేర్‌బాక్స్ విప్పి లోయర్ ట్యాంక్ బండ్ మెకానిక్ దగ్గర ఉంది. కిరాయికి నాలుగు చక్రాల బండి తెచ్చాను, నేను కోరుకున్న రకమే. మీ గల్లీ మలుపులో స్తంభం దగ్గర ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక అన్నీ బైకులు. మే నెల ఎండ. అప్పటికే నిన్ను వాకిట్లో పడుకోబెట్టారు. పక్కిళ్లవాళ్లు నలుగురు దుప్పటి నాలుగు కొసలు పట్టుకుని నీ మీద నీడ పట్టారు. సగం చిక్కడపల్లికి నీడ కట్టినవాడివి... నీకు దుప్పటి. పైపులు భుజాన వేసుకుని ఉరికాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఉరుకు ఎంత? షామియానా లేచేసరికి నీ ముఖం ఎండకు... వద్దులే.

ఇప్పుడు సంగతి చెబుతాను. ట్రాలీ పని అయిపోయింది. ఇంజన్ మళ్లీ చేయించినా దండగని మెకానిక్ చెప్పేశాడు. కొత్తది కొనాలి. తెలంగాణ వచ్చింది బావా, ఇప్పుడు కొంటే టీఎస్ నంబరు వస్తుందట. నువ్వుంటే ఎంత మురిసేవాడివో...

దుకాణంలో నీ సగం ఇప్పుడు సత్తెమ్మది. నీకు భార్య అయితే అయింది, అంతకంటే ముందు నాకు చెల్లెలు. నీ కుర్చీలోనే కూర్చుని ఫోన్లు ఎత్తుతోంది. పెళ్లి అంటే బాగానే మాట్లాడుతుంది. ఫలానా ఇంట్లో ఎవరో పోయారని వినపడితే చాలు, ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి పోతుంది.

ఈసారి షోరూంలో నేనే అన్నీ అడిగాను. కొత్త ట్రాలీలకు దమ్ము కొంత పెంచారట, నేను దిగకుండానే ఫ్లైఓవర్ ఎక్కవచ్చు. సామాను జాగా మాత్రం అంతే. మన సందుల్లో తిరిగేది అదొక్కటే, అదే తీసుకుందాం అన్నాను. సత్తెమ్మ ఏమన్నదో తెలుసా? "అన్నా, పెద్ద బండే తీస్కుందం. ఇగ పెండ్లిళ్లే చేద్దం. సావు ఇండ్లకు నాతోని గాదు. ఆ పైపుల సప్పుడు ఇంటె ఆయన వాకిట్లనే కనవడ్తడు."

ఏమనను బావా? ఆమె లెక్కా తప్పు కాదు. పెళ్లిళ్లన్నీ ఊరి చివరి ఫంక్షన్ హాళ్లకు పోయాయి. అంత దూరం, అంత బరువు... దానికి ట్రక్కే సరి. రెండు బండ్లు పెట్టే తాహతు మనకు లేదు. నేను అనాల్సిన మాట ఆమె అంటోంది, నీ మాట నా నోట వస్తోంది. ఇదెక్కడి విడ్డూరం?

పోయిన వారం అశోక్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టల్లో వంట చేసే పాలమూరు ఆయన. భార్య పోయింది. సందులో ఇల్లు, వాన ఆగడం లేదు, ఒక్క టార్పాలిన్ కడితే చాలు అన్నాడు. బండి లేదు అన్నాను. మన దుకాణం తెరిచిన నాటి నుంచి చావు ఇంటికి లేదనడం అదే మొదలు. "సావు ఇంటికి ముందుగాల పోవాలె, ఎన్క మాట్లాడాలె" అనేవాడివి కదా. ఆయన సరేనని ఫోన్ పెట్టేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ వానలో ఏం చేశారో...

ఇది సత్తెమ్మకు చెప్పలేదు. చెబితే నా మాటే నెగ్గుతుంది. ఏడ్చుకుంటూ సరే అంటుంది. చెల్లెల్ని ఏడిపించి తెచ్చిన బండి నేనెట్లా ఎక్కాలి? నేను మొండివాణ్ణే, కాదనను. మరీ అంత మొండివాణ్ణి కాదు.

శుక్రవారం పొద్దున పది గంటలకు సంతకాలు. ఆమె ట్రక్కుకే మాట ఇచ్చి వచ్చింది. నేను అడ్డు చెప్పను. ఆమె వేలు పెట్టిన చోట సంతకం పెడతాను. ఆ తర్వాత మన సందుల్లో ఎవరు పోయినా మన షామియానా పోదు. నీకు అది సమ్మతమేనా? సమ్మతమైతే ఊరుకో, నేనూ నోరు మూసుకుంటాను. కాదంటే ఆమెకు చెప్పాల్సింది నువ్వే. నా కలలోకి రావద్దు, పడుకున్నానంటే నాకు ఏదీ తెలియదు. ఆమె దగ్గరికే పో. మెల్లగా చెప్పు. బెదరగొట్టకు.

గురువారం సాయంత్రం దుకాణం షట్టర్ దించేదాకా చూస్తాను. అంతలోపు ఏదో ఒకటి తేల్చి చెప్పు బావా. శుక్రవారం చెబితే నాకు పనికిరాదు.

నీ బావ
మల్లయ్య