సలహా మానేసిన గోల్ఫ్ మాస్టారు

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి ఎవరికీ సలహా ఇవ్వను. నిర్ణయం అయిపోయింది. మనసు తేలిగ్గా ఉంది. ఆకలి కూడా బాగా వేస్తోంది.

కారణం పిచ్చుక. మా అమ్మాయి. చిన్నప్పుడు బిస్కెట్టు పొడి కూడా ఏరుకుని తినేదని ఆ పేరు పెట్టాం, అదే ఉండిపోయింది. వచ్చే వారం చివర్లో మొదటిసారి ప్రొఫెషనల్ టోర్నమెంటులో ఆడబోతోంది. పొద్దున టీ తాగుతూ షరతు పెట్టింది.

“నాన్నా, నువ్వు రావాలి. కానీ నోరు విప్పకూడదు.”

“పోటీలో ఎలాగూ విప్పకూడదు కదే. ఆ రూలు నాకు తెలీదా?”

తెలుసు. పిల్లలందరికీ చెప్పేది నేనే. ఆడుతున్నప్పుడు బ్యాగు మోసే మనిషి తప్ప ఇంకెవరి దగ్గరా సలహా తీసుకోకూడదు. తీసుకుంటే లెక్కలో అదనపు దెబ్బలు కలుపుతారు.

“రూలు సంగతి కాదు నాన్నా. ఇంట్లో, కార్లో, పార్కింగులో, ఎక్కడా వద్దు. నువ్వు మాట్లాడితే నా చేతులు నీ మాట వింటాయి. నా మాట వినవు. ఒక్క ముక్క అన్నావో, ఇంకెప్పుడూ నిన్ను పిలవను.”

నవ్వుతూ అనలేదు. అందుకే వెంటనే ఒప్పుకున్నాను. ఇన్నేళ్లుగా గోల్ఫ్ నేర్పిస్తున్నవాడికి రెండు వారాలు నోరు కట్టుకోవడం ఒక లెక్కా? అలవాటు పడాలి కాబట్టి పిచ్చుకకే కాదు, లోకంలో ఎవ్వరికీ చెప్పకూడదని నాకు నేనే షరతు పెంచుకున్నాను.

“మరి మీ ఉద్యోగమో?” అంది మా ఆవిడ.

“పాఠం వేరు, సలహా వేరు.”

“తేడా ఏంటండీ?”

“రేపు చెబుతాను.”

మార్చి 4, మంగళవారం

తేడా దొరికింది. అడిగితే చెప్పేది పాఠం. అడక్కుండా చెప్పేది సలహా. చాలా బాగుంది. దీన్ని ఎక్కడైనా రాయించి పెట్టాలి.

పొద్దున మొదటి విద్యార్థి పళ్ల డాక్టరు గారు. మంచి మనిషి, చెడ్డ ఆటగాడు. కర్ర ఎత్తేటప్పటికే ఆయన నడుం ఇంటికి వెళ్లిపోతుంది. బంతి ఎప్పుడూ కుడివైపు కంచెలోకే. ఆయన కొట్టారు, బంతి కంచెలోకి పోయింది. నేను పళ్లు బిగబట్టుకుని ఆకాశంలోకి చూశాను.

“ఎలా ఉంది మాస్టారూ?”

“మీకెలా అనిపించింది?” అన్నాను. మొదలుపెడితే పాఠం దాటి సలహాలోకి పోతానని భయం.

ఆయన ఆలోచనలో పడ్డారు. చాలాసేపు పడ్డారు. ఆ తర్వాత కాళ్లు కాస్త దగ్గరగా జరుపుకుని, నడుం ఉన్నచోటే ఉంచి, మళ్లీ కొట్టారు. బంతి తిన్నగా వెళ్లింది. నేను ఆయనకు నేర్పడం మొదలుపెట్టాక తిన్నగా వెళ్లిన మొదటి బంతి అది.

“ఇన్నాళ్లూ మీరు మాట్లాడుతుంటే నా నడుం ఏమంటోందో నాకు వినపడలేదు మాస్టారూ,” అన్నారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

సంతోషించాలో లేదో తెలియడం లేదు. సంతోషించానని రాసుకుంటున్నాను.

మార్చి 6, గురువారం

వార్త పాకింది. నేను మాట్లాడకపోతే ఆట బాగుపడుతుందట. ఈ రోజు నా దగ్గరకు కొత్తవాళ్లు వచ్చారు. ఒకాయన వస్తూనే “మీరేమీ చెప్పరని విన్నాను, చాలా ఆనందం,” అన్నారు.

మైదానం మేనేజరు గేటు దగ్గర బోర్డు పెట్టిస్తానంటున్నాడు, ‘మౌన శిక్షణ’ అని. వద్దన్నాను. ఎందుకు వద్దని అడిగాడు. బోర్డు మీద అక్షరాల మధ్య దూరం ఎంత ఉండాలో నాకు తెలుసు. అతనికి తెలియదు. చెప్పకూడదు. అందుకే అసలు వద్దన్నాను.

 

మార్చి 8, శనివారం

టీవీలో పెద్ద టోర్నమెంటు. సోఫాలో కూర్చుని నోట్లో చాక్లెట్టు వేసుకున్నాను.

ఈ టోర్నమెంట్ల గురించి నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. ఇక్కడ రాసుకుంటే తప్పులేదు, డైరీ మనిషి కాదు. శని, ఆదివారాలు జనం టీవీలో ఛాంపియన్ కొట్టే దెబ్బ చూస్తారు. సోమవారం పొద్దున వచ్చి అదే దెబ్బ కొట్టబోయి వీపు పట్టేయించుకుంటారు. వాళ్ల దగ్గర చూడాల్సింది దెబ్బ కాదు. దెబ్బ చెడిపోయాక వాళ్లు ఏం చేస్తారన్నది చూడాలి. ఇసుక గుంటలో పడ్డ బంతి దగ్గరికి నడిచి వెళ్లేటప్పుడు వాళ్ల భుజాలు చూడాలి. రోజూ ఆడేవాడు కూడా తప్పు కొడతాడు. కానీ ఆ తప్పును తర్వాతి బంతి దగ్గరికి వెంటబెట్టుకుని పోడు. ఆట బాగుపడటమంటే అదే.

ఇంత మంచి విషయం ఎవరికీ చెప్పకూడదట.

చాక్లెట్టు అయిపోయింది. ఒక ఆటగాడు తొందరపడుతున్నాడు. “ఆగు నాయనా, గాలి చూసుకో,” అనేశాను.

“టీవీకి చెప్పారు,” అంది మా ఆవిడ పేపరులోంచి తల ఎత్తకుండా.

“టీవీ మనిషి కాదు.”

అతను ఆగాడు. గడ్డి తుంచి గాల్లో వదిలి చూసుకున్నాడు. చూశావా అన్నాను. సాయంత్రం దాకా టీవీలో ఆటగాళ్లందరికీ చెప్పాను. కొందరు విన్నారు.

మార్చి 10, సోమవారం

లోకంలో ఎవ్వరికీ అని షరతు పెట్టుకోవడం కాస్త అతి అని ఇప్పుడు అనిపిస్తోంది. అసలు షరతు పిచ్చుకకు మాత్రమే. అయినా పూర్తిగా వదల్లేదు. కొన్ని సడలింపులు ఇచ్చుకున్నాను.

సైగ మాట కాదు. (మంగలి షాపులో. అతని మణికట్టు బిగుసుకుపోయి ఉంది. అద్దంలో చూపించాను. కుడి చెవి పైన జుట్టు ఇప్పుడు లేదు.)

నోరు తెరిచి ఉండగా అన్నది మాట కాదు. (పళ్ల డాక్టరు గారి కుర్చీలో. సాయంత్రం దవడ పన్ను చూపించుకోవడానికి వెళ్లాను. నోటి నిండా దూది. ఆయన యంత్రం పట్టుకున్న తీరు చూడలేకపోయాను. “అయిక్కొట్టు అగులు,” అన్నాను. “మణికట్టు వదులా?” అని అడిగి వదులు చేశారు. నొప్పి తెలియలేదు. ఇద్దరం ఆశ్చర్యపోయాం.)

పిచ్చుక విషయంలో మాత్రం ఏ సడలింపూ లేదు.

మార్చి 12, బుధవారం

పిచ్చుక హాల్లో తివాచీ మీద ప్రాక్టీసు చేస్తోంది. గ్లాసు పడుకోబెట్టి బంతిని మెల్లగా అందులోకి తోస్తోంది. బంతి వెళ్లకముందే తల ఎత్తేస్తోంది. ఒకసారి. రెండోసారి. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. మా ఆవిడ చూసి, బయటికి పొమ్మని కళ్లతోనే చెప్పింది.

వరండాలో గులాబీ కుండీ ఉంది. దాని ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. తల దించి ఉంచాలనీ, బంతి పడ్డ చప్పుడు చెవితో వినాలనీ.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి మా ఆవిడను పిలిచారు. “అమ్మాయ్, మీ ఆయన గులాబీ మొక్కని తల ఎత్తొద్దంటున్నారు. మొగ్గలేస్తున్న మొక్క కదా, పాపం.”

పిచ్చుక కిటికీలోంచి చూసింది.  కర్టెను వేసేసింది.

మార్చి 14, శుక్రవారం

టోర్నమెంటు మొదటి రోజు. ప్రేక్షకుల కోసం కట్టిన తాడు వెనక జనంతో పాటు నడిచాను. ఒక్క మాట లేదు. పిచ్చుక బాగా ఆడింది. నన్ను చూసి తల ఊపింది. నేను తిరిగి ఊపబోయి, అది సైగ అవుతుందేమోనని ఆగిపోయాను. పక్కనున్నాయన నాకు మెడనొప్పి అనుకుని మందు పేరు చెప్పాడు. సలహా ఇచ్చే స్వేచ్ఛ ఉన్న మనిషి. అసూయ పడ్డాను.

మార్చి 15, శనివారం

ఇంకా బాగా ఆడింది. రేపు చివరి రోజు, గెలిచే అవకాశం ఉన్నవాళ్లలో మా అమ్మాయి ఒకతి. ఇంటికొచ్చే దారిలో కార్లో ముగ్గురం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. వాతావరణం గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదని తెలిసింది.

మార్చి 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున తుంపర. ఆట ఇంకా మొదలవలేదు. పిచ్చుక బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది. నేను ప్రాక్టీసు పచ్చిక పక్కన నిలబడ్డాను. అక్కడ వాన కోటు వేసుకుని, ముసుగు కళ్లదాకా లాక్కుని, ఒకమ్మాయి ఒంటరిగా బంతులు తోస్తోంది. ప్రతి బంతీ గుంట అంచు తాకి బయటికి వచ్చేస్తోంది. ఊపిరి బిగబట్టి కొడుతోంది. పాపం ఎవరో, ఏడుపు మొహం పెట్టింది.

“ఊపిరి వదిలేశాక కొట్టు తల్లీ,” అన్నాను.

తిరిగి చూసింది. “మీరెవరండీ?”

“ఎవర్నీ కాదు.”

అలా అని ఊరుకుంటే బాగుండేది. గట్టు తెగింది. పద్నాలుగు రోజులుగా లోపల నిలవున్నదంతా ఆ అమ్మాయికి అప్పజెప్పాను. ఊపిరి, భుజాలు, గాలి, చెడ్డ దెబ్బను మోసుకుని పోకపోవడం. ఆ అమ్మాయి కళ్లార్పకుండా వింది. వరసగా బంతులు గుంటలో పడ్డాయి. ఇద్దరికీ కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో నేను చెప్పిన అతి మంచి పాఠం అదే.

ఆట మొదలయ్యే చోట పిచ్చుక పక్కన నిలబడి ఆ అమ్మాయి వాన కోటు విప్పింది. నిన్నటిదాకా పిచ్చుకతో సమానంగా ఉన్న అమ్మాయి. ఈ రోజు ఇద్దరూ ఒకరికొకరు పోటీగా కలిసి ఆడాలి.



ఆ పైన అంతా నేను నేర్పినట్టే జరిగింది. ఆ అమ్మాయి ప్రతి దెబ్బకూ ముందు ఊపిరి వదిలింది. బంతి ఇసుకలో పడ్డా భుజాలు దించలేదు. పిచ్చుక కూడా వదలకుండా ఆడింది. చివరి గుంట దగ్గరికి ఇద్దరూ సమానంగానే వచ్చారు. ఆ అమ్మాయి ఊపిరి వదిలి, మెల్లగా తోసింది. పడింది.

పిచ్చుక బంతి అంతకన్నా దగ్గరగానే ఉంది. నా నోట్లో మాట తయారైపోయింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. చాలలేదు. కళ్లు కూడా మూసుకున్నాను.

జనం “అయ్యో” అన్నారు.

ఆ అమ్మాయి కప్పు చేత్తో పట్టుకుని తిన్నగా నా దగ్గరకే వచ్చింది. పక్కనే పిచ్చుక ఉంది. “అంకుల్, మీరు చెప్పినట్టే చేశాను. మీ మేలు మర్చిపోను,” అని వంగి దండం పెట్టింది.

పిచ్చుక నా వంక చూసింది. మా ఆవిడ మబ్బుల వంక చూసింది.

తిరుగుదారిలో కారు పిచ్చుక నడుపుతోంది. మాట తనే మొదలుపెట్టింది.

“ఏం చెప్పావు ఆ అమ్మాయికి?”

చెప్పాను.

“బాగుంది,” అంది. “సరే. నా చివరి దెబ్బలో తప్పేంటి? ఇప్పుడు చెప్పొచ్చు. నేనే అడుగుతున్నాను.”

రెండు వారాలుగా ఎదురుచూసిన ప్రశ్న. నోరు తెరిచాను. 

“నేను చూడలేదమ్మా.”

“అంటే?”

“చూస్తే మాట వచ్చేస్తుందని కళ్లు మూసుకున్నాను.”

పిచ్చుక కారు పక్కకు ఆపింది. “ఓడిపోయినందుకు నాకేం లేదు నాన్నా. ఆ పిల్లకి చెప్పినందుకూ లేదు. కొట్టాక నేను తల తిప్పి చూసింది నీకోసం. ఇంతమందిలో నువ్వొక్కడివే కళ్లు మూసుకుని ఉన్నావా?”

 

మార్చి 17, సోమవారం

పొద్దున పిచ్చుక టీ తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్లు కాస్త ఉబ్బి ఉన్నాయి, కానీ గొంతు మామూలుగానే ఉంది.

“వచ్చే నెల ఇంకో టోర్నమెంటుంది. వస్తావా?”

“పిలవనన్నావుగా?”

“నాతో ఒక్క ముక్క అంటే పిలవనన్నాను. నాతో ఏమీ అనలేదుగా. కాకపోతే ఈసారి షరతు మారుస్తున్నాను. కళ్లు తెరిచి ఉండాలి. ఆట అయిపోయాక నాకు ఒక్క మాట చెప్పొచ్చు. ఒక్కటే.”

“ఒక్క వాక్యమా?”

“ఒక్క మాట నాన్నా.”

కాబట్టి ఈ రోజు నుంచి ఎవరికీ సలహా ఇవ్వను. ఒకే ఒక్క మాట దాచుకుంటాను. నెల రోజులు ఉంది, ఏ మాటో ఇప్పుడే తేల్చుకుంటే సాధన చేయడం సులువు. ‘ఊపిరి’ అనుకున్నాను, అది ఆ అమ్మాయికి ఇచ్చేశాను. ‘నిదానం’ అనుకున్నాను, అది వింటే పిచ్చుకకు కోపం వస్తుంది. మధ్యాహ్నం దాకా కూర్చుని, రాసి, కొట్టేసి, చివరికి పట్టుకున్నాను. ఇంతకన్నా మంచి మాట దొరకదు. దీనికి ఒక్క అక్షరం కూడా కలపను.

చూశాను.

అంతా చూశాను. చాలా బాగా ఆడావు. ఎడమ మోకాలు మాత్రం ఇంకాస్త వంచాలి.